డి.ఓ. స్కూలు ఎంచుకోవడం ఎలా: మూడో ఏడాది నుంచి వెనక్కి లెక్కపెట్టండి

మా అమ్మాయికి అమెరికాలో డి.ఓ. స్కూల్లో సీటు వచ్చిందని ఊరికి ఫోన్ చేసి చెబితే మా చిన్నాన్న అడిగిన మొదటి మాట, "కళ్ళ డాక్టరా అమ్మా?" అని. ఆయన తప్పేమీ లేదు. మన దగ్గర బోర్డు మీద డి.ఓ. అని ఉంటే కంటి వైద్యంలో డిప్లొమా చేశారని అర్థం. ఆస్టియోపతి అని విడమరిచి చెబితే ఇంకో పెద్దావిడ, "అంటే పుత్తూరు కట్టు లాంటిదా?" అన్నారు. ఊళ్ళో ఉన్నవాళ్ళ సంగతి అలా ఉంచండి, అమెరికాలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న మన వాళ్ళలోనే చాలామందికి ఇదేదో రెండో రకం చదువన్న అనుమానం ఉంది. ఆ అనుమానంతో కొందరు పిల్లల్ని అసలు అప్లయ్ చేయనివ్వరు. ఇంకొందరు, ఎం.డి. (ఇక్కడ మన ఎంబీబీఎస్ లాంటి డాక్టరు డిగ్రీ) ఎలాగూ రాలేదు కదా అని, వచ్చిన మొదటి డి.ఓ. సీటుకి ఏమీ చూడకుండా డబ్బు కట్టేస్తారు. రెండు విధాలా నష్టపోయేది పిల్లలే.

మా అమ్మాయి చదువు అయిపోయి ఇప్పుడు రెసిడెన్సీలో, అంటే హాస్పిటల్లో స్పెషాలిటీ శిక్షణలో ఉంది. అప్లికేషన్ల ఏడాది నుంచి రెసిడెన్సీ సీటు తేల్చే మ్యాచ్ దాకా పక్కనే ఉండి చూశాను. మొదట్లో తెలిసుంటే బాగుండేదనిపించినవి చాలా ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరైనా ఈ దారి పడుతుంటే ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో ఆ వరుసలోనే రాస్తున్నాను.

ముందు డిగ్రీ మీద అనుమానం తీర్చుకోండి

అమెరికాలో డి.ఓ. (డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్) అంటే పూర్తిస్థాయి డాక్టరు. మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, ఐసీయూలో పనిచేస్తారు. 50 రాష్ట్రాల్లోనూ లైసెన్సు హక్కులు ఎం.డి.తో సమానం. ఈ దేశంలో వైద్యం చదువుతున్న విద్యార్థుల్లో నాలుగో వంతుకు పైగా డి.ఓ. స్కూళ్ళలోనే ఉన్నారు.

పేరు ఎందుకలా ఉందంటే, దాని వెనుక ఒక మనిషి దుఃఖం ఉంది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే వైద్యుడు తన ముగ్గురు పిల్లలు మెనింజైటిస్‌తో పోతుంటే చూస్తూ ఉండిపోవలసి వచ్చింది. ఆ కాలపు మందులు రోగం తగ్గించకపోగా మనిషిని కుంగదీసేవి. ఎముకలు, కండరాలు, నరాలు, రక్తప్రసరణ అన్నీ కలిసి ఒకటే శరీరమని, చేతులతో దాన్ని సరిచేయవచ్చని ఆయన 1874లో ప్రకటించాడు. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో మొదటి స్కూలు పెట్టాడు. ఇప్పుడది ఆయన పేరుతోనే ఉన్న యూనివర్సిటీలో భాగం. ఆ చేతి వైద్యం ఇప్పటికీ పాఠాల్లో ఉంది. మిగతా వైద్యమంతా చదువుతూనే, దానికోసం అదనంగా సుమారు 200 గంటలు శిక్షణ ఇస్తారు.

సమానత్వం ఒక్కరోజులో రాలేదు. 1962లో కాలిఫోర్నియాలో సుమారు రెండు వేల మంది డి.ఓ.లు ఒక చిన్న సెమినారుకు హాజరై, 65 డాలర్లు కట్టి, తమ డిగ్రీని ఎం.డి.గా మార్చుకున్నారు. చదువులో అంత తేడా ఉండి ఉంటే ఆ పని 65 డాలర్లతో అయ్యేదా? 1966లో సైన్యం డి.ఓ.లను వైద్యాధికారులుగా తీసుకోవడానికి ఒప్పుకుంది. 1973 నాటికి అన్ని రాష్ట్రాలూ పూర్తి లైసెన్సు ఇచ్చాయి.

ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. అమెరికా దాటితే ఆస్టియోపతి అనే మాటకు అర్థం మారుతుంది. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అంటే చేతులతో చికిత్స చేసే వ్యక్తి, డాక్టరు కాదు. మీ పిల్లలకు ఎప్పుడైనా హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రాక్టీసు పెట్టాలన్న ఆలోచన ఉంటే, ఇక్కడి డిగ్రీ విషయంలో అక్కడి మెడికల్ కమిషన్ నియమాలు ఏమంటున్నాయో సీటు తీసుకోకముందే చదవండి.

మిగతా దారులతో పోల్చి చూడండి

ఎం.డి. రాకపోతే మన ఇళ్ళలో వెంటనే వచ్చే మాటలు రెండు: "కరీబియన్ పంపిద్దాం", "ఇండియాలో మేనేజ్‌మెంట్ సీటు కొందాం". 2025 మ్యాచ్ లెక్కలు చూడండి. రెసిడెన్సీ దొరికినవాళ్ళు ఎం.డి. చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతం, డి.ఓ. చివరి ఏడాది విద్యార్థుల్లో 92.6 శాతం. విదేశాల్లో చదివొచ్చిన అమెరికా పౌరుల్లో 67.8 శాతం. పౌరులు కాని విదేశీ పట్టభద్రుల్లో 58 శాతం.

మొదటి రెండింటి మధ్య తేడా ఒక్క శాతం లోపే. మూడోది చూసేటప్పుడు ఇంకో సంగతి గుర్తుంచుకోండి. మధ్యలో ఆగిపోయి మ్యాచ్ దాకా రాలేకపోయినవాళ్ళు ఆ లెక్కలోకే రారు. పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగి, ఇక్కడే ప్రాక్టీసు చేయాలనుకుంటే, డి.ఓ. సీటు చేతిలో ఉండగా కరీబియన్ ద్వీపాలకు పంపడానికి నాకైతే ఒక్క కారణమూ కనిపించదు.

స్కూళ్ళ జాబితా రాసేముందు వీసా, డబ్బు చూసుకోండి

చాలామంది దీన్ని చివర చూస్తారు. మొదటే చూడాలి.

మన వాళ్ళలో వేలమంది పిల్లలు హెచ్-4 (తల్లిదండ్రుల ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద పెరిగినవాళ్ళు. తల్లిదండ్రుల గ్రీన్ కార్డు వరుసలోనే ఉండగా వాళ్ళకు 21 దాటుతుంది, విద్యార్థి వీసా ఎఫ్-1కి మారతారు. ఈ వీసాల మీద ఉన్నవాళ్ళకు ఫెడరల్ లోన్లు రావు. పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేని పిల్లల అప్లికేషన్ చూసే స్కూళ్ళు కొన్నే. చూసినా, చదువుకయ్యే డబ్బు ముందే బ్యాంకులో చూపించమనే స్కూళ్ళున్నాయి. అందుకని ప్రతి స్కూలు వెబ్‌సైటులో "అంతర్జాతీయ విద్యార్థులు" అన్న పేజీ చదివి, అనుమానం ఉంటే అడ్మిషన్ ఆఫీసుకు మెయిల్ రాసి, జవాబు రాతలో తెప్పించుకోండి. తర్వాత రెసిడెన్సీలోనూ వీసా ఇచ్చే ప్రోగ్రాములు, ఇవ్వనివి అని మళ్ళీ వడపోత ఉంటుంది. ఈ పరిస్థితిలో ఉన్న పిల్లలకు స్కూలు పేరు కన్నా ఇదే పెద్ద విషయం.

పౌరులైన పిల్లలకు కూడా ఇప్పుడు లెక్క మారింది. ఇంతకాలం ఎంత ఖర్చయినా గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ లోను ఆ లోటు పూడ్చేది. 2025 జులైలో వచ్చిన చట్టం దాన్ని ఎత్తేసింది. 2026 జులై 1 తర్వాత కొత్తగా అప్పు తీసుకునేవాళ్ళకు, వైద్యం లాంటి చదువులకు ఫెడరల్ లోను ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్ల వరకే.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. ప్రైవేటు డి.ఓ. స్కూలు ట్యూషన్ ఏడాదికి 60 వేల దగ్గర ఉంటే, ఇంటి అద్దె, తిండి, కారు, ఇన్సూరెన్సు, పరీక్ష ఫీజులు కలిపి ఇంకో పాతిక, ముప్పై వేలు. అంటే 85 నుంచి 90 వేలు. అందులో 50 పోగా మిగిలిన 35, 40 వేలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ప్రైవేటు బ్యాంకు నుంచి. ఆ లోను మీద సంతకం మీది. నాలుగేళ్ళలో ఇది లక్షన్నర డాలర్లు. ఇల్లు కొనేటప్పుడు వడ్డీ ఎంతో, ఎన్నేళ్ళో ఎలా అడుగుతామో ఇక్కడా అలాగే అడగాలి.

ఈ లెక్కతో చూస్తే కొన్ని స్కూళ్ళు వేరుగా కనిపిస్తాయి. టెక్సస్‌లో ఉండేవాళ్ళకు ఫోర్ట్ వర్త్‌లోని టెక్సస్ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్ ప్రభుత్వ స్కూలు. ఆ రాష్ట్రం వాళ్ళకు ట్యూషన్ ప్రైవేటు స్కూళ్ళలో మూడో వంతుకు అటూ ఇటూ. ప్రైవేటులో తక్కువ ఫీజుకు పేరున్నది లేక్ ఎరీ కాలేజ్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్. ఒహాయో, ఓక్లహోమా, వెస్ట్ వర్జీనియా, మిచిగన్, న్యూజెర్సీలోనూ ప్రభుత్వ డి.ఓ. స్కూళ్ళున్నాయి. అయితే ప్రభుత్వానిది అనగానే చౌక అనుకోకండి, మిచిగన్ స్టేట్‌లో ఆ రాష్ట్రం పిల్లలకు కూడా ఫీజు తక్కువేమీ కాదు.

అప్పు లేకుండా చదవాలంటే సైన్యం ఇచ్చే హెల్త్ ప్రొఫెషన్స్ స్కాలర్‌షిప్, వైద్యం అందని ప్రాంతాల్లో పనిచేస్తామని ఒప్పుకుంటే నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. రెండూ పౌరులకే. చదివించినందుకు ఏళ్ళ తరబడి సేవ చేయాలి. పిల్లలు మనసారా కోరుకుంటేనే, మన అప్పు తగ్గుతుందని మాత్రం వద్దు.

అప్లికేషన్: తొందర పడవలసింది ఇక్కడే

మనకు నీట్ ర్యాంకు, కాళోజీ యూనివర్సిటీ లిస్టు, ఎన్టీఆర్ యూనివర్సిటీ లిస్టు అలవాటు. ర్యాంకు వస్తే సీటు దానంతటదే తేలుతుంది. ఇక్కడ అలా ఉండదు. డి.ఓ. స్కూళ్ళకు యాకోమాస్ అనే ఒక్క అప్లికేషన్ ఉంటుంది, మే నెలలో తెరుచుకుంటుంది. టెక్సస్ ప్రభుత్వ స్కూళ్ళకు మాత్రం వాళ్ళ రాష్ట్ర అప్లికేషన్ వేరు. ముందు వచ్చినవాటిని ముందు చూస్తూ, ఇంటర్వ్యూలు పిలుస్తూ, సీట్లు ఇచ్చుకుంటూ పోతారు. చివరి తేదీ మార్చిలో ఉందని చూసి డిసెంబరులో పంపితే అప్పటికి సగం బస్సు నిండి ఉంటుంది. జూన్, జులైలోనే పంపండి.

మెడికల్ స్కూళ్ళ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ మార్కులు 472 నుంచి 528 వరకు. ఇటీవలి ఏళ్ళలో డి.ఓ. స్కూళ్ళలో చేరినవాళ్ళ సగటు 504 దగ్గర, ఎం.డి.లో 511, 512 దగ్గర ఉంటోంది. మీ పిల్లల మార్కులు ఆ మధ్యలో ఉంటే రెండింటికీ ఒకే వేసవిలో పంపండి, ఎం.డి. ఫలితం తేలాక డి.ఓ. చూద్దామని కూర్చోవద్దు. ఇంకో మాట. "ఫెయిలైన సబ్జెక్టు మళ్ళీ రాస్తే డి.ఓ. వాళ్ళు పాత గ్రేడు తీసేస్తారు" అని ఇప్పటికీ ఎవరో ఒకరు చెబుతుంటారు. అది 2017లోనే పోయింది. ఇప్పుడు రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి.

డి.ఓ. డాక్టరు దగ్గర కొన్ని రోజులు కూర్చుని పని చూడడం, ఆయన దగ్గర సిఫార్సు లేఖ తీసుకోవడం చాలా స్కూళ్ళు అడుగుతాయి, లేదా ఇష్టపడతాయి. మనకు తెలిసిన డాక్టర్లంతా ఊళ్ళో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళే కాబట్టి మన పిల్లలకు ఇది తేలిగ్గా దొరకదు. కాలేజీ రెండో ఏడాదిలోనే మొదలుపెట్టమనండి. ఇంటర్వ్యూలో "డి.ఓ. ఎందుకు?" అని తప్పకుండా అడుగుతారు. ఆ డాక్టరు గదిలో చూసిందే దానికి నిజమైన జవాబు అవుతుంది.

హైస్కూలు నుంచే డాక్టరు చదువు ఖాయం చేసుకోవాలనుకునేవాళ్ళకు న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, లేక్ ఎరీ లాంటిచోట్ల బి.ఎస్., డి.ఓ. కలిపిన దారులున్నాయి. పదిహేడేళ్ళ పిల్లకు అది తన ఇష్టమా, మన ఇష్టమా అన్నది ఒక్కసారి తేల్చుకున్నాకే వెళ్ళండి.

సీటు వస్తే డిపాజిట్ కట్టమంటారు. వెయ్యి, రెండు వేల డాలర్లు మామూలే. వేరేచోట చేరితే చాలాచోట్ల అది తిరిగి రాదు.

అసలు విషయం: మూడో ఏడాది ఎక్కడ గడుస్తుంది?

ఈ వ్యాసంలో మీరు ఒక్క భాగమే గుర్తుంచుకుంటే, ఇదే గుర్తుంచుకోండి.

మొదటి రెండేళ్ళు తరగతి గది. పాఠాలు దాదాపు అన్ని స్కూళ్ళలో ఒకటే. సగం మంది పిల్లలు ఇంట్లో కూర్చుని అవే వీడియోలు, అవే ప్రశ్నల బ్యాంకులు చదువుతారు. మూడు, నాలుగు ఏళ్ళు హాస్పిటల్లో, ఒక్కో విభాగంలో కొన్ని వారాల చొప్పున. దాన్నే రొటేషన్ అంటారు. రెసిడెన్సీ దొరకడం, దొరికాక నిలబడడం ఆ రెండేళ్ళలో తయారవుతుంది. ఎం.డి. స్కూళ్ళకు చాలావాటికి పక్కనే యూనివర్సిటీ హాస్పిటల్ ఉంటుంది. డి.ఓ. స్కూళ్ళకు చాలావాటికి సొంత హాస్పిటల్ ఉండదు. పిల్లల్ని చుట్టుపక్కల ఊళ్ళ హాస్పిటళ్ళకు, కొన్నిసార్లు వేరే రాష్ట్రాలకు పంపుతారు.

అలా పంపడం చెడ్డ పద్ధతేమీ కాదు. చిన్న ఊరి హాస్పిటల్లో పెద్ద డాక్టరు పక్కనే నిలబడి పురుడు పోసే అవకాశం, కుట్లు వేసే అవకాశం యూనివర్సిటీ హాస్పిటల్లో మూడో ఏడాది విద్యార్థికి అంత తేలిగ్గా దొరకదు. చూడవలసింది, ఆ ఏర్పాటు స్కూలు శ్రద్ధగా చేసిందా, లేక పిల్లల మీద వదిలేసిందా అని. మా అమ్మాయి స్కూల్లో హాస్పిటళ్ళను లాటరీ తీసి కేటాయించారు. తనకు వచ్చింది స్కూలుకు నాలుగు గంటల దూరం. ఒక్క ఏడాదిలో మూడు ఇళ్ళు మారింది. ఇంటర్నల్ మెడిసిన్ రొటేషన్ మొత్తం ఒక క్లినిక్కులో గడిచింది, రాత్రి డ్యూటీ అంటే ఏమిటో, వార్డులో రెసిడెంట్లతో కలిసి రౌండ్స్ అంటే ఏమిటో నాలుగో ఏడాది దాకా తనకు తెలియలేదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఎంత కష్టపడిందో దగ్గరుండి చూశాను. ఇంటర్వ్యూ రోజున మేము అడగవలసిన ప్రశ్న అడగలేదు, అంతే.

మీరు అడగండి. ముఖ్యమైన రొటేషన్లలో ఎన్ని వార్డులో, రెసిడెంట్లు ఉన్నచోట జరుగుతాయి? ఎన్ని ఒక్క డాక్టరు క్లినిక్కులో జరుగుతాయి? హాస్పిటల్ ఎవరు కేటాయిస్తారు, లాటరీయా, మనం కోరుకున్నదా? పెళ్ళయినవాళ్ళకు, ఆరోగ్యం బాగాలేని తల్లిదండ్రులు ఉన్నవాళ్ళకు ఏమైనా సడలింపు ఉందా? దూరం పంపితే ఇల్లు స్కూలు చూస్తుందా? ఏ రొటేషన్ అయినా విద్యార్థే ఫోన్లు చేసి వెతుక్కోవాలా? అదే హాస్పిటల్లో ఇంకెన్ని స్కూళ్ళ పిల్లలు ఉంటారు? నాలుగో ఏడాదిలో సెప్టెంబరుకు ముందు తమ ఇష్టానికి ఎన్ని నెలలు వదులుతారు? ఈ చివరి ప్రశ్న ఎందుకో రెసిడెన్సీ దగ్గర చెబుతాను.

ఎవర్ని అడగాలో కూడా ముఖ్యం. ఇంటర్వ్యూ రోజున మిమ్మల్ని తిప్పి చూపించేది మొదటి, రెండో ఏడాది పిల్లలు. వాళ్ళు ఇంకా హాస్పిటల్ చూడలేదు. అడ్మిషన్ ఆఫీసును మర్యాదగా అడిగి ఇద్దరు నాలుగో ఏడాది విద్యార్థుల మెయిల్ తీసుకోమనండి. పదిహేను నిమిషాల ఫోన్‌లో తెలిసేది ఏ బ్రోషర్‌లోనూ ఉండదు.

స్కూళ్ళు ఈ విషయంలో ఎంత వేరువేరుగా ఉంటాయో చూడండి. ఏ.టి. స్టిల్ వాళ్ళ అరిజోనా స్కూలు రెండో ఏడాదిలోనే పిల్లల్ని దేశంలోని కమ్యూనిటీ హెల్త్ సెంటర్లకు పంపుతుంది. పేదల మధ్య ఫ్యామిలీ డాక్టరుగా బతకాలనుకునే పిల్లకు అంతకన్నా మంచి చోటు లేదు, న్యూరోసర్జన్ కావాలనుకునే పిల్లకు ఆ ఏడాది వేరేలా అనిపించవచ్చు. మిచిగన్ స్టేట్‌కు ఆ రాష్ట్రమంతటా ఉన్న హాస్పిటళ్ళతో దశాబ్దాల బంధం ఉంది. ఓక్లహోమా స్టేట్ 2020లో చెరొకీ ఆదివాసీ నేషన్‌తో కలిసి తాలెక్వాలో క్యాంపస్ తెరిచింది. పల్లెలకూ ఆదివాసీలకూ డాక్టర్లను తయారుచేయడమే దాని ఉద్దేశం. ఏది మంచిది అని అడిగితే, మీ పిల్ల ఎలాంటి డాక్టరు కావాలనుకుంటుందో ముందు చెప్పండి అంటాను.

కొత్త స్కూలు, పాత స్కూలు, అంకెలు

డి.ఓ. స్కూళ్ళు 40కి పైగా ఉన్నాయి, కొత్తవి వస్తూనే ఉన్నాయి. వాటికి గుర్తింపు ఇచ్చేది కోకా అనే సంస్థ. కొత్త స్కూలుకు పూర్తి గుర్తింపు మొదటి బ్యాచ్ బయటికొచ్చే సమయానికే వస్తుంది. అంటే మొదటి బ్యాచ్‌లకు చూసుకోవడానికి సీనియర్లు ఉండరు, మ్యాచ్ ఫలితాలు ఉండవు. రెండు సీట్లు చేతిలో ఉంటే, మిగతావి దాదాపు సమానమైతే, కనీసం నాలుగైదు బ్యాచ్‌లు బయటికొచ్చిన స్కూలే నా ఓటు.

ప్రతి స్కూలు వెబ్‌సైటులోనూ లైసెన్సు పరీక్షలో మొదటిసారికే పాసైనవాళ్ళ శాతం, రెసిడెన్సీలో చేరినవాళ్ళ శాతం వెతకండి. చేరినవాళ్ళలో ఎంతమంది నాలుగేళ్ళలో బయటికొచ్చారో కూడా అడగండి. "98 శాతం ప్లేస్‌మెంట్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. అందులో ఒక్క ఏడాది ప్రిలిమినరీ, ట్రాన్సిషనల్ సీట్లు కూడా కలిసి ఉండవచ్చు. రేడియాలజీకి ముందు ఆ ఏడాది చేయడం మామూలే, దాని తర్వాత ఇంకేమీ లేకుండా ఆ ఒక్క ఏడాదే దొరకడం వేరు. మ్యాచ్ లిస్టు చూసేటప్పుడు మెరిసే ఒకటి రెండు పేర్లు వదిలేసి, మధ్యలో ఉన్న వందమంది ఎక్కడికి వెళ్ళారో చూడండి. మీ పిల్ల కూడా బహుశా ఆ మధ్యలోనే ఉంటుంది.

పరీక్షలు: రెండా, ఒకటా?

డి.ఓ. లైసెన్సుకు కామ్లెక్స్ మూడు లెవెళ్ళు రాయాలి. ఎం.డి.లు రాసేది యూఎస్ఎంఎల్ఈ. డి.ఓ.లకు అది తప్పనిసరి కాదు, కావాలంటే రాయవచ్చు. 2022 నుంచి రెండు పరీక్షల్లోనూ మొదటి మెట్టుకు మార్కులు లేవు, పాస్, ఫెయిల్ మాత్రమే. దాంతో భారమంతా రెండో మెట్టు మీద పడింది.

ఫ్యామిలీ మెడిసిన్, పీడియాట్రిక్స్, సైకియాట్రీ వంటివాటికి చాలాచోట్ల కామ్లెక్స్ చాలు. ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ, ఎనస్థీషియా, రేడియాలజీ, పెద్ద యూనివర్సిటీల ఇంటర్నల్ మెడిసిన్ మీద మనసుంటే యూఎస్ఎంఎల్ఈ రెండో మెట్టు, స్టెప్ 2 రాయడమే మేలు. అక్కడ ఎం.డి. పిల్లల పక్కన పెట్టి చూస్తారు కాబట్టి ఒకే కొలబద్ద ఉండాలి. స్టెప్ 1 రాయకుండా స్టెప్ 2 మాత్రమే రాసేవాళ్ళూ ఉన్నారు. కొన్ని ప్రోగ్రాములు రెండూ అడుగుతాయి, ముందే చూసుకోవాలి. సరిగా సిద్ధం కాకుండా రెండో పరీక్ష రాసి ఫెయిలైతే ఆ మచ్చ చెరగదు. పిల్ల సిద్ధంగా లేదంటే నమ్మండి, రాయమని ఒత్తిడి పెట్టవద్దు.

రెసిడెన్సీ: ఏ తలుపులు తెరిచి ఉన్నాయి?

2020కి ముందు డి.ఓ.లకు సొంత రెసిడెన్సీలు, సొంత మ్యాచ్ ఉండేవి. 2015లో మొదలై 2020 జూన్ నాటికి అన్నీ ఏసీజీఎంఈ అనే ఒక్క సంస్థ కిందికి వచ్చాయి. ఇప్పుడు ఎం.డి., డి.ఓ. అందరిదీ ఒకటే మ్యాచ్. అందువల్ల డి.ఓ. పిల్లలకు యూనివర్సిటీ తలుపులు విశాలంగా తెరుచుకున్నాయి. ఒకప్పుడు తమకోసమే ఉన్న ఆర్థో, ఈఎన్‌టీ, డెర్మటాలజీ సీట్లకు ఇప్పుడు అందరితో పోటీ పడాలి. ఆ పాత డి.ఓ. ప్రోగ్రాముల్లో చాలావి మిచిగన్, ఒహాయో, పెన్సిల్వేనియాల్లో ఉన్నాయి. ఇప్పటికీ అవి డి.ఓ.లను ఆదరంగా చూస్తాయి కాబట్టి, ఆర్థో కావాలనుకునే పిల్ల ఆ ప్రాంతపు స్కూలు వైపు మొగ్గడంలో అర్థం ఉంది.

ఎన్నేళ్ళు పడుతుందో కూడా ఇంట్లో అందరికీ తెలియాలి, పెళ్ళి మాటలు మొదలుపెట్టే పెద్దవాళ్ళకు మరీనూ. ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పీడియాట్రిక్స్ మూడేళ్ళు. సైకియాట్రీ, న్యూరాలజీ, ఎనస్థీషియా, గైనిక్, ఫిజికల్ మెడిసిన్ నాలుగు. జనరల్ సర్జరీ, ఆర్థో అయిదు. న్యూరోసర్జరీ ఏడు. కార్డియాలజీ కావాలంటే ఇంటర్నల్ మెడిసిన్ తర్వాత ఇంకో మూడు. చేతి వైద్యాన్నే వృత్తిగా చేసుకోవాలనుకుంటే దానికీ ప్రత్యేక రెసిడెన్సీ ఉంది. వేరే రెసిడెన్సీ ముగించినవాళ్ళు ఒక్క ఏడాదితో అది చేయవచ్చు. ఈ ఏళ్ళన్నిటా జీతం వస్తుంది, మొదటి ఏడాది సుమారు 65, 70 వేల డాలర్లు.

డి.ఓ.లలో సగానికి పైగా మొదటి మూడింటిలోకే వెళతారు. దాన్ని చిన్నచూపు చూడకండి. మనూళ్ళలో బీపీకీ షుగరుకీ ఒక్క మంచి డాక్టరు దొరక్క మన అమ్మానాన్నలు ఎంత అవస్థ పడ్డారో మనకు తెలుసు. అలాంటి డాక్టరు లేని ఊళ్ళు ఈ దేశంలోనూ ఎన్నో ఉన్నాయి.

పోటీ ఎక్కువ ఉన్న స్పెషాలిటీ కావాలంటే మొదటి ఏడాది నుంచే పరిశోధన కావాలి, స్కూల్లో లేకపోతే వేసవిలో బయట వెతుక్కోవాలి. నాలుగో ఏడాది మొదట్లో తనకు కావలసిన ప్రోగ్రాము ఉన్న హాస్పిటల్‌కే వెళ్ళి నెల రోజులు పనిచేయాలి. దీన్నే ఆడిషన్ రొటేషన్ అంటారు. డి.ఓ. పిల్లలకు ఇది చాలా బలమైన అవకాశం. పేరు తెలియని స్కూలు నుంచి వచ్చిన పిల్లను నెల రోజులు తెల్లవారుజామున అయిదింటికి వార్డులో చూసిన డాక్టరు, ఇక స్కూలు పేరు అడగడు. రెసిడెన్సీ అప్లికేషన్లు సెప్టెంబరు చివర్లో వెళతాయి. ఆ లోపు ఇలాంటివి రెండు మూడు పూర్తవ్వాలి. అందుకే సెప్టెంబరుకు ముందు ఎన్ని నెలలు వదులుతారని స్కూలును ముందే అడగమన్నాను.

ఇప్పుడు అప్లికేషన్‌తో పాటు సిగ్నల్స్ అని ఉంటాయి, "మీరంటే నాకు నిజంగా ఆసక్తి" అని కొన్ని ప్రోగ్రాములకు చెప్పే అవకాశం. ఆర్థోలో 30 దాకా ఇస్తారు, మిగతావాటిలో లెక్క వేరు. ఆడిషన్ చేసినచోటికి, సొంత ఊరు ఉన్నచోటికి, గతంలో డి.ఓ.లను తీసుకున్నచోటికి వాటిని వాడమనండి. ప్రోగ్రాము వెబ్‌సైటులో ప్రస్తుత రెసిడెంట్ల ఫోటోలు, డిగ్రీలు ఉంటాయి. అందులో డి.ఓ. ఒక్కరూ లేకపోతే ఆ సిగ్నల్ వేరేచోటికి వెళ్ళాలి.

మ్యాచ్ వారం

ఇంటర్వ్యూలయ్యాక పిల్లలు తమకు ఇష్టమైన వరుసలో ప్రోగ్రాములు రాస్తారు, ప్రోగ్రాములు తమకు నచ్చిన వరుసలో పిల్లల్ని రాస్తాయి. కంప్యూటరు జత కలుపుతుంది. ఆ పద్ధతిని సరిచేసినవారిలో ఒకరైన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అది అభ్యర్థి వైపు నుంచి మొదలవుతుంది కాబట్టి, "అక్కడ రాదేమో" అని మనసుకు నచ్చినదాన్ని కిందికి దించితే లాభం లేదు. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టిన అనుభవంతో ఇక్కడ సలహాలివ్వకండి. నిజమైన ఇష్టం ఏదో అదే మొదట రాయనివ్వండి. సైన్యం స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్ళ ఫలితాలు డిసెంబరులోనే వస్తాయి. యూరాలజీ, ఆప్తాల్మాలజీల మ్యాచ్ వేరు, అవీ ముందే తేలతాయి.

మిగతా అందరికీ మార్చి మూడో వారం. సోమవారం ఉదయం మ్యాచ్ అయిందా లేదా అన్నదే మెయిల్‌లో వస్తుంది. ఎక్కడన్నది శుక్రవారం తెలుస్తుంది. కాలేదని వస్తే ఆ రోజు నుంచి గురువారం దాకా సోప్ అనే రెండో అవకాశం ఉంటుంది. మిగిలిపోయిన సీట్లకు 45 వరకు అప్లికేషన్లు పంపవచ్చు. పిల్ల ఆ నాలుగు రోజులు నిద్ర, తిండి మర్చిపోయి ఫోన్ పక్కనే కూర్చుంటుంది. మీరు ఆ వారం సెలవు పెట్టి వెళ్ళి వంట చేయండి.

ఆ నాలుగు రోజుల్లో ప్రోగ్రాములను అభ్యర్థి తనంతట తాను సంప్రదించకూడదు. అభ్యర్థి తరఫున ఇంకెవరూ సంప్రదించకూడదు. మన మంచి కోరి, "ఆ హాస్పిటల్లో మనవాడొకడు కార్డియాలజిస్టు ఉన్నాడు, ఒక్క మాట చెప్పిస్తాను" అనే బంధువు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. ఆ ఒక్క ఫోన్ నియమ ఉల్లంఘన కిందికి వస్తుంది, పిల్ల చేతిలో ఉన్న ఆ చివరి అవకాశానికే ముప్పు తెస్తుంది. సోమవారం మెయిల్ ఏమని వచ్చినా, శుక్రవారం మధ్యాహ్నం దాకా ఊరికి ఫోన్ చేయకండి.